అభిమాని వల్ల సోకిన జబ్బు - నటి జీన్ టియర్నీ జీవితం

ఆదివారం వస్తే మాలో సగంమంది కాళ్లు ఫిల్మ్‌నగర్ వైపే లాగుతాయి. రామానాయుడు స్టూడియో గేటు దగ్గరో, జూబ్లీహిల్స్‌లో ఎవరో హీరో ఇంటి ముందో గంటలకొద్దీ నిలబడతాం. కారు అద్దం దించి చెయ్యి ఊపితే చాలు, వారం రోజులు అదే ముచ్చట. పోయిన ఏడాది మా గదిలో ఒక చెల్లికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. అయినా షూటింగ్ చూడ్డానికి వస్తానని ఒకటే మొండి. అప్పుడే మాకు ఈ అమెరికా నటి కథ తెలిసింది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో రాస్తున్నాం.

జీన్ టియర్నీ 1920లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టింది. చిన్న వయసులోనే హాలీవుడ్ చేరింది. అందగత్తెగా గొప్ప పేరు. 1941లో దుస్తుల డిజైనర్ ఒలెగ్ కాసినిని పెళ్లి చేసుకుంది. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. సైనికుల కోసం నడిచిన హాలీవుడ్ క్యాంటీన్‌లో స్టార్లే స్వయంగా వడ్డించేవారు, కబుర్లు చెప్పేవారు. 1943లో, కడుపుతో ఉన్న తొలి నెలల్లో, జీన్ కూడా అక్కడికి వెళ్లింది. కొద్ది రోజులకే ఒంటిమీద ఎర్రటి దద్దుర్లు కనిపించాయి. అది రుబెల్లా. జర్మన్ మీజిల్స్ అనీ అంటారు. తట్టులాగే ఉంటుంది గానీ ఇంకా తేలిక. తల్లికి నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. కడుపులోని బిడ్డను మాత్రం వదలదు.

1943 అక్టోబర్ 15న నెలలు నిండకుండానే పాప డారియా పుట్టింది. బరువు కిలోన్నర కూడా లేదు. చెవులు వినపడవు, కళ్లలో శుక్లాలు, బుద్ధి ఎదగలేదు.

విచిత్రమేమిటంటే ఈ ప్రమాదం అప్పటికే బయటపడింది. సిడ్నీలో కంటి డాక్టర్ నార్మన్ గ్రెగ్ పుట్టుశుక్లాలున్న 78 మంది పసిపిల్లలను పరిశీలించారు. వారిలో 68 మంది తల్లులకు కడుపుతో ఉండగా ఈ జబ్బు వచ్చిందని తేలింది. ఆ సంగతి ఆయన 1941లోనే ప్రకటించారు. వైద్యుల సభలో చెప్పిన మాట తల్లుల చెవిన పడటానికే ఏళ్లు పట్టింది.

తర్వాత ఒక విందులో ఒక అభిమాని జీన్‌ను పలకరించింది. ఆ రోజుల్లో తనకు రుబెల్లా వచ్చిందనీ, బయటికి రాకూడదన్నా అభిమాన తారను చూడాలని క్యాంటీన్‌కు వచ్చాననీ సంబరంగా చెప్పింది. జీన్ ఏమీ అనలేదు, మౌనంగా పక్కకు తప్పుకుంది. ఆ అభిమానికి మనసులో ఏ పాపమూ లేదు. మాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

1944లో 'లారా' వచ్చింది, మరుసటి ఏటి సినిమాకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఇంట్లో మాత్రం కూతురిని సంరక్షణాలయంలో ఉంచక తప్పలేదు. 1948లో రెండో పాప ఆరోగ్యంగా పుట్టింది. ఒకసారి రుబెల్లా వస్తే మళ్లీ రావడం చాలా అరుదు. జీన్ మనసు చెదిరి, ఆసుపత్రుల్లో కరెంటు షాకులు పెట్టించుకుంది. కోలుకుని 1962లో మళ్లీ తెరమీదికి వచ్చింది. 1979లో ఆత్మకథలో ఇదంతా దాచకుండా రాసుకుంది. 1991లో కన్నుమూసింది. డారియా 2010 దాకా బతికింది.

అమెరికాలో టీకా 1969లో వచ్చింది. మన తెలుగు రాష్ట్రాల్లో 2017 ఆగస్టులో తొమ్మిది నెలల పసివాళ్ల నుంచి పదిహేనేళ్ల లోపు వాళ్లదాకా అందరికీ మీజిల్స్-రుబెల్లా సూది వేశారు. మాకు బడిలోనే పడింది. ఏదో అవుతుందని మా అమ్మల్లో కొందరు ఆ రోజు మమ్మల్ని బడికి పంపలేదు కూడా! అంతకుముందే చదువు ముగించి వెళ్లిన అక్కల్లో చాలామందికి ఈ సూది అందలేదు. అక్కలారా, గుర్తు లేకపోతే కడుపు పండకముందే డాక్టర్‌ను అడగండి. రక్తపరీక్షతో తెలుస్తుంది. టీకా వేయించుకున్నాక ఒక నెల ఆగాలి. గర్భంతో ఉన్నప్పుడు ఈ టీకా వేయరు.

మా చెల్లి ఆ ఆదివారం షూటింగ్‌కు రాలేదు. వారం దాకా మాతో మాట్లాడలేదు కూడా.