ఆక్స్‌ఫర్డ్ వదిలిన న్యూమన్‌గారు

సంపాదకులవారు ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమన్నప్పుడు నాకు జాన్ హెన్రీ న్యూమన్ గుర్తుకొచ్చారు. కారణం ఉంది. మాది డోర్నకల్ వైపు తాతలనాటి ఆంగ్లికన్ కుటుంబం; 1947 నుంచి సి.ఎస్‌.ఐ. మా రెండో అమ్మాయికి ఆర్‌.సి.ఎం. సంబంధం వచ్చినప్పుడు పెళ్లి ఏ గుడిలో అన్న దగ్గర ఇంట్లో మూడు నెలలు మాటలు కరువయ్యాయి. ఆ రోజుల్లోనే ఈయన చరిత్ర చదివాను.

1801లో లండన్‌లో పుట్టారు. తండ్రిగారి బ్యాంకు 1816లో మూతపడింది. డిగ్రీ పరీక్షలో చతికిలబడినా 1822లో ఆక్స్‌ఫర్డ్ ఓరియల్ కాలేజీలో ఫెలో అయ్యారు. (పరీక్షలు పోయిన మనవలున్న మిత్రులు గమనించగలరు.) గాంధీగారికి ఇష్టమైన ‘లీడ్, కైండ్లీ లైట్’ కీర్తన 1833లో ఓడ ప్రయాణంలో ఈయన రాసిందే.

ఇంగ్లండు సంఘంలో అప్పటికే రెండు ధోరణులు. బైబిలు, ప్రసంగమే ముఖ్యమనేవారు కొందరు. అపొస్తలుల నుంచి బిషప్పుల ద్వారా వచ్చిన అధికారం, సంస్కారాలు ముఖ్యమనేవారు మరికొందరు. న్యూమన్, కీబుల్, పూసీ ఈ రెండో పక్షం. 1833 నుంచి వరుసగా కరపత్రాలు వేశారు. 1841లో తొంభయ్యోది వచ్చింది. గురువులు సంతకం పెట్టే 39 సూత్రాలను కథోలిక బోధకు అనుకూలంగా కూడా చదువుకోవచ్చని అందులో వాదించారు. పెద్ద దుమారం లేచింది. బిషప్పుగారు కరపత్రాలు ఆపమన్నారు, ఈయన ఆపేశారు. 1843లో సెయింట్ మేరీస్ గుడి బాధ్యత వదులుకున్నారు.

1845 అక్టోబరులో, వానలో తడిసి ముద్దై వచ్చిన డొమినిక్ బర్బేరి అనే ఇటలీ ఫాదర్ చేతుల మీదుగా కథోలిక సంఘంలో చేరారు. వయసు 44. ఓరియల్ ఫెలోషిప్ అంతకు కొద్ది రోజుల ముందే వదులుకున్నారు. కీబుల్, పూసీ పాత సంఘంలోనే ఉండిపోయారు. చెల్లెలు హ్యారియట్ దూరమైంది; 1852లో ఆమె పోయేదాకా ఆ ఎడం పోలేదు. ఇక్కడ నేను పుస్తకం మూసి మా అమ్మాయి గది వైపు చూశాను.

అవతల కూడా పూలబాట కాదు. 1847లో రోములో మళ్లీ గురుపట్టం ఇచ్చారు, అంటే అంతకుముందు ఇరవై ఏళ్ల గురుత్వం లెక్కలోకి రాలేదన్నమాట. అది నాకిప్పటికీ మింగుడుపడదు. 1859లో ఆయన వ్యాసం మీద రోముకు ఫిర్యాదు వెళ్లింది. 1879లో పోపు పదమూడవ లియో కార్డినల్‌ను చేశారు. ఆ పోపుగారే 1896లో ఆంగ్లికన్ గురుపట్టాలు చెల్లవని తేల్చారు. అప్పటికి న్యూమన్ కన్నుమూసి ఆరేళ్లు.

వదిలిన ఆక్స్‌ఫర్డ్‌కు ముప్పై రెండేళ్ల తర్వాత, 1878లో, గౌరవ ఫెలోగా తిరిగి అడుగుపెట్టారు. 2019లో రోము పునీతునిగా ప్రకటించింది. ఇంగ్లండు సంఘమూ ఆగస్టు 11న, ఆయన పోయిన రోజున, స్మరించుకుంటుంది.

మా అమ్మాయి పెళ్లి చివరికి వాళ్ల గుడిలోనే జరిగింది. వాళ్ల ఫాదర్‌గారు మా బాప్తిస్మాన్ని ఒప్పుకున్నారు, మమ్మల్ని బల్ల దగ్గరికి మాత్రం పిలవలేదు. ముందు వరుసలోనే కూర్చున్నాను. సత్ప్రసాదం పంచేటప్పుడు మా ఆవిడా నేనూ లేవలేదు.