దొంగపేరుతో వచ్చిన శరణార్థి: రాస్‌బిహారీ బోస్

1915 మే నెలలో కలకత్తాలో 'సానుకి మారు' అనే జపాన్ ఓడ ఎక్కిన ఒక ప్రయాణికుడి పేరు, కాగితాల ప్రకారం, పి.ఎన్. టాగూర్. రవీంద్రనాథ్ టాగూర్ బంధువునని, కవి జపాన్ పర్యటనకు ముందుగా ఏర్పాట్లు చూడటానికి వెళ్తున్నానని చెప్పుకున్నాడు. అందులో ఒక్క ముక్కా నిజం కాదు. ఆయన రాస్‌బిహారీ బోస్.

1886లో బెంగాల్‌లోని బర్ద్వాన్ జిల్లాలో పుట్టిన బోస్, డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో గుమాస్తాగా పనిచేశాడు. 1912 డిసెంబర్ 23న ఢిల్లీ చాందినీ చౌక్‌లో వైస్రాయ్ హార్డింజ్‌పై బాంబు దాడికి వ్యూహం ఆయనదే. వైస్రాయ్ గాయపడ్డాడు, ఒక సేవకుడు చనిపోయాడు. బోస్ డెహ్రాడూన్‌కు తిరిగివచ్చి ఆ దాడిని ఖండిస్తూ సభ కూడా పెట్టాడు. 1915 ఫిబ్రవరిలో గదర్ వీరులతో కలిసి తలపెట్టిన సైనిక తిరుగుబాటు ముందే బయటపడింది. ఢిల్లీ కేసులో నలుగురిని ఉరితీసింది ఆయన ఓడెక్కిన మే నెలలోనే. అంటే మాట అబద్ధమైనా ప్రాణభయం అబద్ధం కాదు.

జూన్‌లో కోబే చేరాడు. బ్రిటన్‌కు జపాన్ అప్పటికి మిత్రదేశం. లండన్ ఒత్తిడితో నవంబర్ చివర్లో బోస్‌ను, సహచరుడు హేరంబలాల్ గుప్తాను దేశం విడిచిపొమ్మని ఆదేశించారు. గడువు అయిదు రోజులు. విచారణ లేదు, అప్పీలు లేదు. ఆయన కథ నమ్మదగినదా కాదా అని ఎవరూ తూచలేదు. తొయామా మిత్సురు అనే జాతీయవాద నాయకుడి మనుషులు ఆయన్ను టోక్యో షింజుకులోని నకమురాయా బేకరీకి చేర్చారు. యజమానులు సోమా దంపతులు ఇంట్లో దాచారు. 1916లో బహిష్కరణ ఉత్తర్వు రద్దయినా, వెతుకులాట ఆగలేదు. ఇళ్లు మారుతూ బతికాడు. 1918లో సోమా కుమార్తె తొషికోను పెళ్లాడాడు. 1923లో జపాన్ పౌరుడయ్యాడు. రెండేళ్లకే తొషికో మరణించింది. 1927లో ఆ బేకరీ మొదలుపెట్టిన భారతీయ కూర నేటికీ అక్కడ వడ్డిస్తున్నారు. 1943లో సింగపూర్‌లో ఉద్యమ పగ్గాలు సుభాష్ చంద్రబోస్‌కు అప్పగించాడు. 1945 జనవరి 21న టోక్యోలో కన్నుమూశాడు.

ఇవాళ ఆయన ఏదైనా శరణార్థి ట్రిబ్యునల్ ముందు నిలబడితే? దొంగపేరు, కట్టుకథ, నిన్న ఖండించిన దాడికే ఇవాళ సూత్రధారినని చెప్పుకోవడం: విశ్వసనీయత మీద కొట్టివేయడానికి ఇవి చాలుననిపిస్తుంది. కానీ 1951 శరణార్థుల ఒప్పందం 31వ అధికరణం, ప్రాణభయంతో నేరుగా వచ్చి వెంటనే అధికారుల ముందు నిలిచినవారిని అక్రమ ప్రవేశానికి శిక్షించవద్దంటుంది. అబద్ధం చెప్పడం ఒక్కటే తిరస్కరణకు కారణం కాదని, పరిస్థితులన్నీ చూసి తూచాలని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ మార్గదర్శిక చెబుతుంది. పారిపోయేవాడు అబద్ధమాడేది తరిమేవాడి చేతికి చిక్కకుండా ఉండటానికి. ఆ అబద్ధాన్నీ, భయం గురించిన అబద్ధాన్నీ వేరుచేసి చూడటమే న్యాయమూర్తి పని. బోస్ విషయంలో అసలు చిక్కు వేరేచోట ఉంది. ఒక ప్రాణం పోయిన బాంబు దాడిని రాజకీయ నేరంగా చూడాలా, రక్షణకు అడ్డొచ్చే తీవ్ర నేరంగా చూడాలా అన్నది విశ్వసనీయతతో తేలే ప్రశ్న కాదు.

భారత్ ఆ ఒప్పందంపై సంతకం చేయలేదు, శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. మన గడప తొక్కినవారి కథను వినేందుకు చట్టబద్ధమైన వేదిక లేకపోతే, 1915 నాటి టోక్యోలోలా తీర్పు చెప్పేది దౌత్య అవసరాలే. అందరికీ ఒక నకమురాయా దొరకదు.