నత్తకు చోటిచ్చిన శాస్త్రజ్ఞుడు: రాబర్టు వారింగ్టన్

గాజుతొట్టిలో చిన్నచేపలను పెంచు ముచ్చట మనలో పెక్కుమందికి కలదు. కాని తెచ్చిన కొలదిదినములకే చేపలు చచ్చి తేలుటయు అంతే సామాన్యము. ఈ కష్టమునకు శాస్త్రమార్గమున ఉపాయము వెదకినవారిలో ముఖ్యుడగు రాబర్టు వారింగ్టన్ చరిత్రమును సోదర విద్యార్థులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

వారింగ్టన్ 1807వ సంవత్సరమున ఇంగ్లాండులోని షీర్‌నెస్ పట్టణమున జన్మించెను. చిన్ననాటనే ఒక రసాయనశాస్త్రజ్ఞునికడ చేరి పని నేర్చుకొనెను. తరువాత కొంతకాలము ఒక బీరు కర్మాగారమున రసాయనజ్ఞుడుగా నుండెను. 1841లో లండను రసాయనశాస్త్ర సంఘము ఏర్పడుటకు ఆయన కృషియే ప్రధానకారణము. పది సంవత్సరములు దానికి కార్యదర్శిగా పనిచేసెను. 1842లో ఔషధకారుల సంఘమువారి రసాయనశాలలో ఉద్యోగమును స్వీకరించెను.

1849లో ఆయన 12 గ్యాలనుల గాజుపాత్రలో సగమువరకు నీరుపోసి, ఇసుకయు మట్టియు రాళ్లును అమర్చి, వాలిస్నేరియా అను నీటిమొక్కను నాటి, రెండు చిన్న బంగారుచేపలను విడిచెను. చేపలు విడుచు బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహించి, వెలుతురులో ప్రాణవాయువు నిచ్చును గనుక నీరు మార్చకయే అవి బ్రతుకునని ఆయన తలంపు. కొంతకాలము అట్లే జరిగెను. పిమ్మట మొక్క ముదురాకులు కుళ్లి నీరు చెడసాగెను. పాచి గాజును కప్పివేసెను. చేపలకు ప్రాణాపాయము సంభవించెను.

అప్పుడాయన చెరువులలో నుండు నత్తలను కొన్నింటిని తెచ్చి పాత్రలో వేసెను. అవి కుళ్లిన ఆకులను, పాచిని తినివేసెను, నీరు తేటపడెను. నత్తలు పెట్టిన గ్రుడ్లు చేపలకు ఆహారమయ్యెను. అందరును నీచముగా చూచు నత్త ఆ చిన్నలోకమును నిలిపినది! ఈ ఫలితములను ఆయన 1850లో రసాయనశాస్త్ర సంఘమునకు నివేదించెను. పిదప సముద్రజలముతోను ఇట్టి ప్రయోగములు చేసెను.

ఐనను ఒక రహస్యము మిగిలియుండెను. నత్త ఆకును తినును. మరి నత్తయు చేపయు విడుచు మలము ఏమగును? దానినుండి పుట్టు అమ్మోనియా చేపలకు విషము. ఇది తేలకమునుపే 1867లో వారింగ్టన్ మరణించెను. తండ్రి పేరునే ధరించిన కుమారుడు రోథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయమున నేలను పరీక్షించుచు, సూక్ష్మజీవులు అమ్మోనియాను ముందు నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చునని చూపెను. తొట్టిలోని ఇసుకలో జరుగు పనియు ఇదియే. తండ్రి పాత్రలో కానరాని సేవకులను కుమారుడు నేలలో గుర్తించెనని మేము తలంచుచున్నాము.

కావున చేపలను పెంచు సోదరులకు మా మనవి యేమనగా: క్రొత్తతొట్టిలో ఒక్కమారుగా పెక్కుచేపలను విడువరాదు, సూక్ష్మజీవులు వృద్ధిపొందుటకు కొన్ని వారములు పట్టును. చేపలు వెంటనే తినగలిగినంత మేతనే వేయవలెను. నీరంతయు ఒకేసారి మార్చక, కొంతకొంత మార్చవలెను. క్లోరిను కలిసిన కొళాయినీటిని దాని విషము తొలగించిన పిదపనే పోయవలెను. చేపలకు మందు వేయునప్పుడు అందు రాగి యున్నదేమో విచారింపవలెను. రాగి నత్తలను చంపును. ముఖ్యముగా, శుభ్రతపేరిట ఇసుకనంతయు కొళాయిక్రింద కడిగివేయరాదు. కంటికి మురికిగా తోచు ఆ ఇసుకలోనే చేపల ప్రాణమును కాపాడువారు నివసించుచున్నారు.