మన్యం కొండలే ఆయన ఇల్లు

చోడవరం నుంచి మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కి వంజంగి కొండ చూసొచ్చారా? చీకటితోనే బయల్దేరాలి. మంచుకు తడిసిన గడ్డి వాలుల్లో కాళ్లు జారుతుంటాయి, ఆయాసం వస్తుంది. పైకి చేరామా, కాళ్ల కింద మబ్బులు! మనకది ఒకపూట సరదా. ఒకప్పుడు ఇలాంటి కొండలెక్కడమే బతుకైన ఓ యువకుడి పేరే 2022లో ఈ మన్యం జిల్లాకు పెట్టారు. ఆయనే అల్లూరి సీతారామరాజు.

1897 జులై 4న పాండ్రంగిలో పుట్టారు. తండ్రి వెంకట్రామరాజు ఫొటోగ్రాఫరు. చిన్నతనంలోనే ఆయన పోయారు. తల్లి సూర్యనారాయణమ్మ మరిది రామకృష్ణంరాజు అండతో ముగ్గురు పిల్లల్నీ పెంచుకొచ్చారు. పెద్దకొడుక్కేమో బడి చదువు మీద మనసు నిలవలేదు. ఉత్తరాది యాత్రలు చేసి, 1917లో కృష్ణదేవిపేట చేరారు.

అప్పటికే 1882 నాటి అటవీ చట్టం గిరిజనుల పోడు సేద్యాన్ని కట్టడి చేసింది. పైగా లంబసింగి రోడ్డు పనిలో బాస్టియన్ అనే అధికారి వాళ్లచేత చాలీచాలని కూలికి గొడ్డు చాకిరీ చేయించాడు. రామరాజు ముందుగా చెప్పింది కల్లు మానమని, తగవులు పంచాయతీలోనే తీర్చుకోమని. తాగుడు మాన్పించే మనిషంటే ఏ ఇల్లాలికి గౌరవం ఉండదు చెప్పండి!

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి 26 తుపాకులు పట్టుకెళ్లారు. ఈ ఊళ్ల నడుమ దారంతా కొండా కోనానే. పుట్టినప్పటి నుంచీ ఆ దారులు తొక్కిన గిరిజనుల కాళ్లే ఆయనకు అసలు బలం.

ఆ సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో పైన మాటువేసి, ముందు వస్తున్న మన సిపాయిలను పోనిచ్చారు. వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే దొరల మీదే గురిపెట్టారు. ఇద్దరూ అక్కడే చనిపోయారు.

ఆ తర్వాత మన్యమంతా బలగాలు దిగాయి. పల్లెల మీద వేధింపులు పెరిగాయి. 1924 మే 7న మంప దగ్గర రామరాజును పట్టుకుని, కొయ్యూరులో విచారణైనా లేకుండా కాల్చేశారు. అప్పటికింకా ఇరవై ఏడేళ్లు నిండలేదు.

కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. భర్త పోయాక గుండె రాయి చేసుకుని పిల్లల్ని పెంచిన సూర్యనారాయణమ్మ, పెద్దకొడుకు పోయాకా బతకాల్సొచ్చింది. రామరాజు కథ చెప్పుకున్నప్పుడల్లా ఆ తల్లిని కూడా ఒకసారి తలుచుకుందాం.