దేనారము మీది ముఖము



పన్ను విషయమై పరిసయ్యులు ప్రభువును చిక్కుపరచవలెనని వచ్చినప్పుడు ఆయన ఒక దేనారము చూపుమనెను. ఆ సంగతి మత్తయి సువార్త 22వ అధ్యాయములో చదువుచున్నాము. దేనారము నాలుగు గ్రాములకు లోపుగా తూగు చిన్న వెండి నాణెము. ద్రాక్షతోట పనివానికి ఒక దినపు కూలి. దాని మీది ముఖము తిబెరి కైసరుదని పండితులు పలువురు తలంచుచున్నారు. ఆయన దేనారములు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో నేటికిని ఉన్నవి. మన నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలోను అట్టివి దొరికినవి.

ఈ తిబెరి క్రీ.పూ. 42లో రోమాలో పుట్టెను. ఆయన తల్లి లివియ తరువాత ఔగుస్తు కైసరును పెండ్లాడెను. తిబెరి గొప్ప సేనాధిపతి యాయెను. అయితే ఔగుస్తు ఆజ్ఞచేత, తాను ప్రేమించిన భార్య విప్సానియను విడిచి, క్రీ.పూ. 11లో ఔగుస్తు కుమార్తెను పెండ్లాడవలసి వచ్చెను. ఒకనాడు విప్సానియ కనబడగా కన్నీటితో ఆమెవైపే చూచుచుండెననియు, ఆమె మరల ఆయన కంటబడకుండ చేసిరనియు చరిత్రలో వ్రాయబడియున్నది.

క్రీ.శ. 14లో ఆయన కైసరాయెను. క్రీ.శ. 17లో ఆసియలో భూకంపము వచ్చి 12 పట్టణములు పాడైనప్పుడు సహాయము పంపెను. సార్దీస్‌కు ఐదేండ్ల పన్ను మాఫీ చేసెను. 23లో కుమారుడు మరణించెను. 26లో రోమాను విడిచి, పిదప కాప్రి ద్వీపములో కాపురముండెను. మరల నగరములో అడుగు పెట్టలేదు. నమ్మిన మంత్రి సెజానస్‌ను 31లో చంపించెను. రాజద్రోహ నేరముమీద అనేకులు హతులైరి. మన ప్రభువు సిలువ వేయబడినదియు ఈయన ఏలుబడిలోనే. 37లో ఆయన చనిపోగా రోమా జనులు సంతోషించిరి.

ఆ నాణెము ఆయనను దేవుడైన ఔగుస్తు కుమారుడని పిలుచుచున్నది. వెండి అంతటి మీద తన ముఖము వేయించుకొనిన ఆ చక్రవర్తి తన యింటి సంతోషమును నిలుపుకొనలేకపోయెను.

ప్రియులారా, నాణెము మీద కైసరు రూపమున్నది గనుక అది కైసరుకు చెల్లవలెను. మరి దేవుని రూపము దేనిమీద నున్నది? ఆదికాండము మొదటి అధ్యాయము చూడుడి. సింహాసనముమీది తిబెరి మీదను, సాయంకాలమున దేనారము అందుకొనిన కూలివాని మీదను ఉన్నది ఆ ఒక్క ముద్రయే. మనము శిస్తు కట్టి రసీదు పెట్టెలో భద్రముగా దాచుకొందుము. మనలను మనము దేవునికి చెల్లించితిమా? ఈ నెల ప్రతివాడును తన్ను తాను ప్రశ్నించుకొనునుగాక.