చంద్రుణ్ని వెండి రేకు మీద పట్టిన డ్రేపర్

ఇప్పుడు జేబులో ఫోన్ తీసి చంద్రుడి ఫొటో కొట్టేస్తున్నాం. 1840లో ఇదే పనికి న్యూయార్క్‌లో ఓ కెమిస్ట్రీ ప్రొఫెసర్ రాత్రుళ్లు మేల్కొని నానా తంటాలు పడ్డారు. ఆయనే జాన్ విలియం డ్రేపర్.

డ్రేపర్ 1811 మే 5న ఇంగ్లండ్‌లోని సెయింట్ హెలెన్స్‌లో పుట్టారు. తండ్రి క్రైస్తవ మత బోధకుడు. ఇంట్లో ఓ టెలిస్కోపు ఉండేది, పిల్లాడికి ఆకాశం పిచ్చి పట్టింది దానివల్లే. తండ్రి పోయాక 1832లో కుటుంబం అమెరికాలోని వర్జీనియాకు వెళ్లిపోయింది. డాక్టరు చదువుకు డబ్బెక్కడిది? అక్క డొరొతీ కేథరీన్ బొమ్మలు గీయడం నేర్పి సంపాదించిన డబ్బే ఆదుకుంది. 1836లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ నుంచి ఆయన పట్టా తీసుకున్నారు. డ్రేపర్ గురించి రాసేవాళ్లు ఈ అక్కను ఒక్క లైనులో దాటేస్తుంటారు, అది న్యాయం కాదు.

1839లో న్యూయార్క్ యూనివర్సిటీలో ప్రొఫెసరయ్యారు. ఫ్రాన్స్‌లో డాగెర్ ఫొటో తీసే పద్ధతిని బయటపెట్టిందీ ఆ ఏడాదే. అప్పటికి ఫిల్మ్ రోలు లేదు. వెండి పూసిన రాగి రేకుకు అయోడిన్ ఆవిరి పట్టించి, కెమెరాలో పెట్టి, తర్వాత వేడి పాదరసం ఆవిరి మీద ఉంచితే బొమ్మ తేలేది. ఆ ఆవిరి పీలిస్తే ఎంత ప్రమాదమో ఇప్పుడు అందరికీ తెలుసు.

చంద్రుడితో చిక్కు రెండు రకాలు. వెలుగు చాలదు, పైగా ఒకచోట నిలవడు. భూమి తిరుగుతుండటంతో రెండు నిమిషాల్లోనే తన వెడల్పంత పక్కకు జరిగిపోతాడు. అందుకే గడియారం యంత్రంతో తిరిగే అద్దంతో వెన్నెలను కటకంలోకి మళ్లించారు డ్రేపర్.  1840 మార్చిలో 20 నిమిషాల ఎక్స్‌పోజర్‌తో అంగుళం వెడల్పున చంద్రుడు పడ్డాడు, నల్లమచ్చలు కూడా గుర్తుపట్టేలా. దాన్ని న్యూయార్క్‌లోని సైన్స్ సంఘం ముందు పెట్టారు. అంతకుముందు డాగెర్ కూడా ప్రయత్నించారు కానీ వచ్చింది అస్పష్టమైన ముద్రే. కాబట్టి తొలి చంద్రుడి ఫొటో డ్రేపర్‌దే అనడం సబబు.

అదే ఏడాది అక్క ఫొటో కూడా తీశారు. ఎండలో 65 సెకన్లు కదలకుండా కూర్చోవాలి. తొలి ప్రయోగాల్లోనైతే కూర్చున్నవాళ్ల ముఖానికి పిండి రాసేవారట!

చంద్రుడి పని కొడుకు హెన్రీ అందుకున్నాడు. 1857లో ఐర్లండ్‌లో లార్డ్ రాస్ పెద్ద టెలిస్కోపు చూసొచ్చి తనూ ఒకటి చేయాలనుకున్నాడు. మొదట చేసిన లోహపు అద్దం చలికి నీళ్లు గడ్డకట్టి పగిలింది. గాజుకు వెండి పూత పూయమని ఇంగ్లండ్‌లో హెర్షెల్ చెప్పిన సలహాను తండ్రి మోసుకొచ్చారు. అలా హేస్టింగ్స్‌లోని తండ్రి ఇంటి ఆవరణలో పదిహేనున్నర అంగుళాల టెలిస్కోపు తయారైంది. టెలిస్కోపును కదపకుండా, నీటి గడియారంతో ఫొటో ప్లేటునే చంద్రుడి వెంట మెల్లగా జరపడం హెన్రీ ఉపాయం. 1863లో దాదాపు 1,500 నెగెటివ్‌లు తీశాడు. ఒకదాన్ని మూడడుగుల బొమ్మగా పెద్దది చేస్తే అదీ చెదరలేదు.

ఉర్దూ పాఠకులకు మాత్రం డ్రేపర్ ఇంకో దారిలో తెలుసు. 1874లో ఆయన మతానికీ సైన్స్‌కూ మధ్య సంఘర్షణ గురించి రాసిన పుస్తకాన్ని, కొంతకాలం హైదరాబాద్‌లో కొలువు చేసిన మౌలానా జఫర్ అలీ ఖాన్ 'మారకా-ఎ-మజహబ్-ఓ-సైన్స్' పేరుతో ఉర్దూలోకి తెచ్చారు. ముస్లిం శాస్త్రవేత్తలకు యూరప్ పడ్డ బాకీని అక్కడివాళ్లు దాచిపెట్టారని డ్రేపర్ గట్టిగానే వాదించారు. దాంతో మనవాళ్లకు దగ్గరయ్యారు. అయితే మతం, సైన్స్ ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉన్నాయన్న ఆయన కథను ఇప్పటి చరిత్రకారులు ఒప్పుకోరు. పొగిడిన పేజీలు తీసుకుని మిగతావి వదిలేయడం మనకూ తగదు.

1882 జనవరి 4న డ్రేపర్ కన్నుమూశారు. అదే ఏడాది నవంబరులో హెన్రీ కూడా పోయాడు, వయసు 45. అతని భార్య అన్నా ఇచ్చిన డబ్బుతో హార్వర్డ్‌లో నక్షత్రాల కాంతిని విడదీసి నమోదు చేసే పని సాగింది. ఆ జాబితాకు హెన్రీ డ్రేపర్ పేరే పెట్టారు. ఖగోళ శాస్త్రజ్ఞులు లక్షల నక్షత్రాలను నేటికీ 'హెచ్‌డీ' నంబరుతోనే పిలుస్తున్నారు.