సర్కారు అప్పు, సాలార్‌జంగు దివానుగిరి

సర్కారు బాండు అంటే ఏంది? సర్కారు చేసిన అప్పుకు రాసిచ్చే కాగితం. వడ్డీ తప్పక ముడుతుందని నమ్మకం కుదిరితే డబ్బున్నోళ్లు దాన్ని కొంటారు, ఒకరికొకరు అమ్ముకుంటారు. కంపెనీల కాగితాలకు కూడా ఆ వడ్డీయే కొలబద్ద అవుతుంది. పెట్టుబడి బజారు పెరిగేది ఇట్లనే. సర్కారే ఉన్న డబ్బంతా గుంజుకుంటే మాత్రం చిన్నోళ్లకు అప్పు పుట్టదు. ఇదంతా పట్నం ముచ్చట, వీర్నపల్లి కూలీకేం సంబంధం అనుకోవద్దు. మొదటి సాలార్‌జంగు కథ వింటే తెలుస్తుంది.

అసలు పేరు మీర్ తురాబ్ అలీఖాన్. 1829లో పుట్టాడు. 1853లో, 24 ఏండ్ల వయసులో నిజాం దివాను అయ్యాడు. అప్పటికి ఖజానా ఖాళీ. కంటింజెంటు పల్టన్ల బాకీ కింద బేరారు అప్పుడే కుంఫిణీ చేతికి పోయింది. మిగిలిన రాజ్యంలో అప్పిచ్చిన అరబ్బు జమేదార్లకు, సాహుకార్లకు తాలూకాలే తాకట్టు. వాళ్లు రైతు నెత్తిన కూచుని వసూలు చేసుకునేవాళ్లు. వచ్చే ఏడు రైతు బతికితే ఏంది, చస్తే ఏంది వాళ్లకు?

సాలార్‌జంగు ఆ తాకట్లు ఒక్కొక్కటే విడిపించాడు. శిస్తు గుత్తలు తీసేశాడు. 1865లో జిలాబందీ పెట్టి, జీతగాళ్లయిన తాలూక్‌దార్లతో శిస్తు నేరుగా ఖజానాకు చేర్పించాడు. మన సిరిసిల్ల ప్రాంతం అప్పట్లో ఎలగందల జిల్లా కిందిది. భూమి తాకట్టు పోయి, ఖజానా మాట మీద అప్పు పుట్టే పద్ధతి వచ్చింది. అది మెచ్చుకోవాల్సిన పనే.

కాని లెక్కలో రెండో పక్క కూడా ఉంది. 1857లో హైదరాబాదు రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్ తిరగబడితే ఈ దివాను తెల్లవాళ్ల పక్షం నిలిచాడు. 1860లో వాళ్లు నిజాంకు 50 లక్షల బాకీ మాఫీ చేశారు. ఇక వసూలు హక్కు పోయిన దేశ్‌ముఖులకు ఆయన ఏటా రుసుం కట్టించాడు. వాళ్లే తర్వాత సర్వే సెటిల్మెంట్లలో మంచి భూములు తమ పేర రాయించుకుని దొరలైండ్రు. ఖజానాకు పరపతి వచ్చింది, ఊరికి వెట్టి మిగిలింది.

1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. బేరారు తిరిగి ఇప్పించుకుందామని 1876లో సీమకు పోయినా తెల్లదొరలు ఒప్పుకోలేదు. 1883 ఫిబ్రవరిలో కలరాతో చనిపోయాడు.

అదే ఏడు డిసెంబరులో రైలు కోసం లండన్ కంపెనీతో ఒప్పందమైంది. పెట్టుబడి మీద నూటికి 5 చొప్పున 20 ఏండ్లపాటు నిజాం సర్కారు హామీ. రైలు నడిచి లాభం వచ్చినా రాకున్నా వాటాదారుకు డబ్బు ముట్టాల్సిందే. అది వచ్చేది శిస్తులోంచి. కాగితాలు అమ్ముడయింది లండన్లో, బజారు పెరిగింది అక్కడ. ఆ రైల్వేను సర్కారు కొన్నది 1930లో. హైదరాబాదుకు సొంత షేర్ల బజారు వచ్చేసరికి 1943 అయింది.